పాత కారు వైపర్: మోటారు కొనేముందు చూడవలసినవి

విజయవాడ, గుంటూరుల నుంచి అమెరికా వచ్చి, చదువు పూర్తికాకముందే పదేళ్ళు దాటిన కరోలానో అకార్డునో కొనుక్కునే పిల్లలు అడిగే సందేహాల్లో వైపర్లు ఆగిపోవడం ఒకటి. మన ఆటోనగర్‌లో అయితే మేస్త్రీ విప్పి చూసి, అరిగిన ముక్క ఒక్కటే మార్చి పంపించేస్తాడు. ఇక్కడి షాపుల్లో కూలి గంటల లెక్కన పడుతుంది కాబట్టి, చిన్న ముక్క కోసం వెతకడం కంటే మొత్తం సెట్టు మార్చడానికే మొగ్గు చూపుతారు. వాళ్ళ లెక్క వాళ్ళకు సబబే గాని, అంత ఖర్చు పెట్టేముందు తప్పు ఎక్కడుందో మీరే తేల్చుకోవడం మంచిది.

ముందుగా స్విచ్ వేసి వినండి. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తూ వైపర్లు కదలకపోతే, చాలావరకు మోటారు బాగానే ఉన్నట్టు. మోటారు గుండ్రంగా తిరిగితే, ఆ తిరుగుడును అటూ ఇటూ ఊగే కదలికగా మార్చేది అద్దం కింద దాగి ఉన్న ఇనుప కడ్డీల లింకేజీ. కడ్డీలు కలిసే ప్రతిచోటా ఒక ఉక్కు గుండు, దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ బుష్ ఉంటాయి. ఏళ్ళ తరబడి నీళ్ళకూ చలికీ ఆ బుష్ పెళుసెక్కి పగిలితే కడ్డీ ఊడిపోయి వేలాడుతుంది. ఒక పక్క వైపరే ఆడుతున్నప్పుడు కూడా దీన్నే అనుమానించాలి, లేదా వైపర్ చేతిని పట్టి ఉంచే నట్టును చూడాలి. నట్టు వదులైతే బిగిస్తే చాలు. చేతి లోపలి పళ్ళు అరిగిపోయి ఉంటే మాత్రం ఎంత బిగించినా నిలవదు, ఆ చెయ్యి మార్చవలసిందే.

చప్పుడే లేకపోతే ఫ్యూజు, ఆ తరువాత రిలే (మోటారుకు కరెంటు పంపే చిన్న విద్యుత్ స్విచ్) చూడండి. మోటారు ప్లగ్గు దగ్గరికి 12 వోల్టులు వస్తూ, ఎర్తు కూడా సరిగా ఉండి, అప్పటికీ తిరగకపోతేనే మోటారు పోయిందనుకోవాలి. కొత్త ఫ్యూజు వెంటనే కాలిపోతే పెద్ద ఫ్యూజు వేయకండి, వైరు కాలుతుంది; తుప్పు పట్టి లింకేజీ బిగుసుకుపోయినా ఫ్యూజు అలాగే కాలవచ్చు. స్విచ్ ఆపగానే వైపర్లు అద్దం మధ్యలో నిలిచిపోతే అది పార్క్ స్విచ్ (వైపర్లను కింద తమ చోటికి తెచ్చి ఆపే స్విచ్) లోపం. చాలా కార్లలో అది మోటారులోనే ఉంటుంది.

విప్పేటప్పుడు వైపర్లు కింద ఆగిన స్థితిలో ఉండగా, అవి ఆనిన చోట అద్దం మీద టేపు ముక్కలు అంటించి గుర్తు పెట్టుకోండి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి, ఎందుకంటే లింకేజీలో వేలు ఉండగా మోటారు తిరిగితే ఎముక విరుగుతుంది. పాత చేతులు తుప్పుతో పట్టేసి ఉంటాయి. వాటిని లాగే పుల్లర్‌ను ఆటోజోన్ వంటి దుకాణాలు డిపాజిట్టు మీద ఎరువిస్తాయి. స్ప్రింగు చెయ్యి అద్దం మీద పడి పగలకుండా మందపాటి తువ్వాలు పరవండి. కొత్త బుష్‌కు కాస్త గ్రీజు రాసి ప్లయర్‌తో నొక్కితే టప్‌మని కూర్చుంటుంది. చేతులు బిగించేముందు బ్యాటరీ తగిలించి, మోటారును ఒకసారి తిప్పి ఆపితే అది తన స్థానానికి వచ్చి నిలుస్తుంది.

బుష్ విడిగా దొరకకపోతే జంక్ యార్డులో (పాత కార్ల విడిభాగాలు అమ్మేచోట) అదే మోడల్ లింకేజీ తక్కువ ధరకు దొరుకుతుంది. ఊరి నుంచి ఎవరైనా వస్తున్నారని ఆటోనగర్‌లో కొనిపించి తెప్పించుకోవద్దు. మన దగ్గర స్టీరింగు కుడివైపు, ఇక్కడ ఎడమవైపు కావడంతో, కారు పేరు ఒకటే అయినా కడ్డీల అమరిక సాధారణంగా తారుమారై ఉంటుంది.

డబ్బు పెట్టేముందు కారును గుర్తించే 17 అక్షరాంకెల విన్ నంబరును కేంద్ర రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో వేసి చూడండి. 2013 మోడల్ షెవ్రొలే ఈక్వినాక్స్, జీఎంసీ టెరెయిన్ కార్లకు సరిగ్గా ఈ గుండు కీళ్ళ తుప్పు మీదనే రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ కార్లను వెనక్కి పిలవడం) వచ్చింది. రీకాల్ ఉంటే, మీరు సెకండ్‌హ్యాండులో కొన్నా, డీలరు ఉచితంగా బాగుచేయాలి; అయితే రీకాల్ నోటీసు వచ్చేనాటికే మొదటిసారి అమ్ముడై 15 ఏళ్ళు దాటిన కార్లకు ఆ బాధ్యత చట్టప్రకారం ఉండదు.

చలికాలంలో కారు ఆపేముందు వైపర్ స్విచ్‌ను కూడా ఆపేయండి. రాత్రి వైపర్లు అద్దానికి గడ్డకట్టి అంటుకుంటే, పొద్దున తాళం తిప్పగానే మోటారు లాగే బలమంతా ఆ బుష్‌ల మీదా, చేతి పళ్ళ మీదా పడుతుంది. మంచు గీకి, వైపర్లను చేత్తో విడిపించిన తరువాతే స్విచ్ వేయండి.