మొహమాటం పక్కింటికేనా?

అమలాపురానికి దగ్గర్లో ఉన్న ఒక పల్లెటూరి నుంచి ఓ ఇల్లాలు ఉత్తరం రాసింది. ఇంట్లో భర్త, ఇద్దరు పిల్లలు, డెబ్భై దాటిన మావగారు. ఆయనకి ఆయాసం. చలిగాలి మొదలైతే నెబ్యులైజర్ మంచం పక్కనే ఉండాలి. పక్కింటాయన రొయ్యల చెరువుల మీద బాగా గడించినవాడు. ధనత్రయోదశి నుంచి నాగుల చవితి దాకా ఆయన గేటు ముందు పదివేల వాలాలూ, లక్ష్మీ బాంబులూ రాత్రి ఒంటిగంట దాకా పేలుతూనే ఉంటాయట. పోయిన దీపావళి రాత్రి మావగారికి ఊపిరి అందక, ఈవిడ కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కి ఆయన మొహానికి మాస్కు పట్టుకుని కూర్చుంది. అదే సమయానికి పక్కింటాయన “రా బావా” అని కేకేస్తే, భర్త వెళ్ళి ఆ వాలాకి తన చేత్తోనే నిప్పంటించాడు. “ఆయనకి మొహమాటం ఎక్కువండీ” అంటూ, ఆవిడ నన్ను అడిగింది ఇదీ: పోలీసులకి చెప్పనా? చెబితే పగలు పెరుగుతాయా? లేకపోతే పండగ రోజుల్లో మావగారిని తాడేపల్లిగూడెంలో మా పుట్టింటికి తీసుకుపోనా?

అమ్మా, పోలీసుల సంగతి చిన్నది, ముందది చెప్పేస్తాను. దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకానే కాల్చాలని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. వరసగా పేలే వాలాలు తయారు చెయ్యొద్దు, అమ్మొద్దు అని కూడా అంది. ఈ ఆంక్షలు అమలు కాకపోతే ఆ స్టేషన్ అధికారే జవాబుదారీ అని అదే ఉత్తర్వులో ఉంది. రాత్రి 10 దాటాక తెల్లారి 6 దాకా చప్పుడు చేసే టపాకాయలు కూడదని అంతకుముందు 2005లోనే చెప్పారు. కాబట్టి న్యాయం మీ వైపే ఉంది. 112కి ఫోన్ చెయ్యడానికి మీరు భయపడక్కర్లేదు. కానీ కానిస్టేబుల్ వచ్చి వెళ్ళిపోయాక మీ ఇంట్లో ఏం మారుతుంది?

పక్కింటాయన గురించి రెండు పేజీలు రాశారు. ఆయన కారు, ఆయన మేడ, ఆయన గొంతు, అన్నీ ఉన్నాయి. మీ ఆయన గురించి ఉన్నది ఆ మొహమాటం మాట ఒక్కటే, అదీ ఆయన్ని వెనకేసుకొస్తూ. నన్ను బాధపెట్టింది పక్కింటి బాంబులు కాదు, ఆ మాట. బయటివాడు పిలిస్తే కాదనలేని మనిషికి, గోడకి ఇవతల కన్నతండ్రి ఎగశ్వాస తీస్తుంటే వదిలి వెళ్ళడానికి మొహమాటం అడ్డు రాలేదా? పక్కింటాయనకి ఆ ముసలాయన ఎవరో. మీ ఆయనకి తండ్రి.

ఉత్తరం చివర ఇంకో సంగతి రాశారు. శ్లాబు వేసినప్పుడు పక్కింటాయన దగ్గర రెండు లక్షలు తెచ్చారు. నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే నెలకి నాలుగు వేలు, తప్పకుండా కడుతున్నారు. మరి ఇందులో ఆయన చేసిన ఉపకారం ఏముంది? వడ్డీ పుచ్చుకునేవాడికి మీ ఆయన బాకీ పడింది డబ్బే, నోరు కాదు. ఆ బాకీయే గొంతుకి అడ్డం పడుతోందనుకుంటే డ్వాక్రా సంఘంలోనో, బ్యాంకులో బంగారం పెట్టో తక్కువ వడ్డీకి తెచ్చి తీర్చెయ్యండి. మీ నల్లపూసలు తప్ప ఏది తాకట్టు పెట్టినా నేను తప్పనను.

మీకూ ఒక మాట, కష్టంగా ఉన్నా చెప్పాలి. మందులు మీరే తెస్తున్నారు, డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళుతున్నారు, అర్ధరాత్రి లేచేదీ మీరే. కోడలు ఇంత చెయ్యడం గొప్పే, కాదనను. కానీ కొడుకు చెయ్యాల్సింది కూడా మీరే చేసేస్తుంటే ఆయనకి తండ్రి దగ్గు వినపడడం మానేసింది. ఈసారి రాత్రి ఆయాసం వచ్చినప్పుడు మీ ఆయన్ని లేపండి. మాస్కు ఆయన చేతికివ్వండి. తండ్రి డొక్కలు ఎలా లోపలికి పోతున్నాయో, గొంతు కింద గుంట ఎలా పడుతోందో పక్కన కూర్చుని చూడనివ్వండి. మర్నాడు మీరు వేరే వాదించక్కర్లేదు.

ఇక పుట్టింటి మాట. వద్దు. ఆయన కట్టుకున్న ఇంట్లోంచి పండగ పూట పెద్దాయన్ని పంపించడం నాకు ససేమిరా ఇష్టం లేదు. పండగన్నా, మతాబులన్నా గిట్టని మనిషిని కాను నేను. గోగుకాడలకి నూనెగుడ్డ చుట్టి వెలిగించి, “దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగుల చవితి” అంటూ పిల్లలు నేలకి కొట్టడం, కాళ్ళు కడుక్కుని నోట్లో మిఠాయి వేసుకోవడం, వెనక పెద్దవాళ్ళు నిలబడి చూసుకోవడం, దీపావళంటే నాకు ముందు గుర్తొచ్చేవి ఇవే. మీ పిల్లల చేత దివిటీలు కొట్టించాల్సిన తాతగారు రెండేళ్ళుగా వీధి అరుగు మీదికే రావడం లేదని రాశారు. మీ ఇంట్లో లేకుండా పోయిన పండగ అదీ.

దీపావళి ఇంకా మూడు వారాలుంది. ఈ లోపల మీ ఆయన పగటి పూట, పక్కింటాయన తాగి లేని వేళ చూసుకుని వెళ్ళాలి. “బావా, నాన్నకి ఊపిరి ఆడట్లేదు. పెద్దవి చెరువు గట్టు మీద కాల్చుకో, పది దాటాక వీధిలో వద్దు” అని చెప్పాలి. గట్టుకి వెళితే కళ్ళాలకీ, గడ్డివాములకీ దూరంగా కాల్చుకోమని కూడా చెప్పాలి, అది కోతల కాలం. మావగారిని పండగకి ముందే ఒకసారి డాక్టరుకి చూపించి, ఆ రోజుల్లో మందు పెంచాలేమో అడగాల్సిందీ ఆయనే. గాలి కదలని కార్తీకపు రాత్రుల్లో పొగ పైకి పోదు, ఇళ్ళ మధ్యే నిలిచిపోతుంది, కాబట్టి మంచం పెరటి గదిలోకి మార్చండి.

మీ ఆయన వెళ్ళనంటే మీరు వెళ్ళండి. వాళ్ళావిడ దగ్గరికి కాదు, ఆయన దగ్గరికే. డాక్టరు రాసిన కాగితం చేతిలో పెట్టి అవే మాటలు చెప్పండి. అప్పటికీ వినకపోతే దీపావళి రాత్రి పది కొట్టగానే 112కి ఫోన్ చెయ్యండి, మీ ఆయన ఎదురుగానే.