గిన్నెలు ఎవరు కడుగుతున్నారండీ?

విశాఖ నుంచి ఒకావిడ ఇలా రాశారు: "మా వాడికి తొమ్మిదేళ్లు మేడం. అన్నీ రెడీగా చేతికి అందాలి, కష్టం విలువ తెలీదు. రోజూ రాత్రి కథలు చెప్తున్నా, ఎర్ర కోడిపెట్ట కథ అయితే వాడికి కంఠతా వచ్చేసింది. ఆ కథలోలాగే చేద్దామని ఆదివారాలు వాడితో కలిసి బ్రెడ్డు, కేకు చేస్తున్నా. రెండు నిమిషాలు పిండి పిసికి టీవీ ముందుకి పోతాడు, మళ్లీ ఓవెన్లోంచి వాసన రాగానే ప్రత్యక్షం. మగపిల్లాడికి వంటింట్లో పనేంటని అత్తగారి గొడవ ఒకటి. పెద్దమ్మాయితో నాకే బాధా లేదు, పదమూడేళ్లు, మా పని అయ్యాక గిన్నెలు, గట్టు అన్నీ తనే శుభ్రం చేసేస్తుంది. వీడికి ఇంకా ఏ కథలు చెప్పాలి? స్టార్లు పెట్టాలా, డబ్బులివ్వాలా?"

కథల లిస్టు నేనివ్వనమ్మా. స్టార్లు వద్దు, డబ్బులు అసలే వద్దు. మీరడిగినదానికి జవాబు అయిపోయింది.

ఇప్పుడు మీరు ఒక్క ముక్కలో తేల్చేసిన ఆ పెద్దపిల్ల గురించి మాట్లాడదాం. ఆ కోడిపెట్ట ఏం చేసింది, గింజలు నాటడానికి ఎవరొస్తారంటే ఎవరూ రాలేదు, కోతకి రాలేదు, పిండికి రాలేదు, చివరికి రొట్టె కాల్చాక అందరూ వస్తే మీకు పెట్టను పొమ్మంది. మీ ఇంట్లో ఆ కోడి మీరే అనుకుంటున్నారు కదా? కాదు. ఆ కోడికి కనీసం అడిగే నోరుంది, పెట్టను పొమ్మనే హక్కుంది, మీ పెద్దదానికి ఆ రెండూ లేవు. వేడివేడి మొదటి ముక్క ఎవరికెళ్తుందో మీరు రాయలేదు, రాయక్కర్లేదు కూడా, అది సింకు దగ్గర్నుంచి చేతులు తుడుచుకుని వచ్చేసరికి మాడిన అంచే మిగిలుంటుంది.

మైదా అంటుకున్న గిన్నెని చన్నీళ్లలో నానబెట్టాలి, వేడినీళ్లు పోస్తే ఇంకా జిగురై పట్టుకుంటుంది. ఈ సంగతి మీ అమ్మాయికి తెలుసు. మీ అబ్బాయికి తెలీదు. కష్టం విలువ అని మీరు వెతుకుతున్నది ఆ గిన్నెలోనే ఉంది కానీ మీరు వాడికి పిసకడమే ఇచ్చారు, సరదా పని, ఫొటోకి బావుండే పని. తీశారు కదా ఫొటో? ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు కూడానా? అమ్మాయిది ఒక్కటి ఉందా అందులో?

2019లో కేంద్రం వాళ్లు దేశమంతా సర్వే చేశారు, ఎవరు ఏ పనికి రోజుకి ఎంత టైమ్ పెడుతున్నారని. జీతం లేని ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లకి 299 నిమిషాలు తేలితే మగవాళ్లకి 97. ఆ లెక్క ఆరేళ్ల వయసు నించే మొదలు. అంటే మీ అమ్మాయి ఈడు పిల్లలు కూడా అందులో ఉన్నారన్నమాట.

నాది చెప్తా. మా ఇంట్లో సంక్రాంతికి అరిసెలు, తడిపిండి ఆరిపోకుండా పాకంలో పడాలి కాబట్టి ఇంటిల్లిపాదీ ఉరుకులే, అమ్మ పాకం తిప్పుతుంటే నేను ఉండలు చేసి ఒత్తేదాన్ని. మా అన్నయ్య ఒక ఏడు సరదాకి చెక్కలు తీసుకుని నాలుగు అరిసెలకి నూనె ఒత్తాడు. ఇప్పటికీ పండక్కి కలిస్తే ఆ నాలుగు అరిసెల ముచ్చటే. నేనొత్తినవి ఎన్ని వందలో ఎవరికీ గుర్తులేదు. యాభై దాటాయి నాకు, ఇంకా లోపల గుచ్చుకుంటూనే ఉంది.

అత్తగారిని వదిలేయండి, ఆవిడ నోటితో అంటున్నారు, మీరు చేతల్లో చేస్తున్నారు, పెద్ద తేడా ఏం లేదు. కోపం తెచ్చుకోకండి. ఏడు చేపల కథ మీకూ తెలుసుగా, చేప ఎందుకు ఎండలేదంటే గడ్డిమేటు అడ్డం, మేటు సంగతి ఆవునడగాలి, ఆవు సంగతి పాలేరునడగాలి, అలా చీమ దాకా పోతుంది. మీరు కూడా వాడి బద్ధకానికి టీవీ అంటారు, అత్తగారంటారు, చివరికి కథలు చాలట్లేదంటారు.

ఈ ఆదివారం బ్రెడ్డు పిండి కలిపాక అది పొంగడానికి గంట పడుతుంది కదా, ఆ గంటలో పిండి గిన్నె, గరిట, గట్టు మొత్తం వాడే కడగాలి. అంచుకి పిండి వదిలేస్తాడు, మీకు ఒళ్లు మండుతుంది, లాక్కుని కడగకండి, మళ్లీ కడిగించండి. ఆయన్ని కూడా పేపరు పక్కన పడేసి వచ్చి ట్రే తోమమనండి, మీ వాడు కథల కన్నా అది ఎక్కువ చూస్తాడు. ఓవెన్ తెరిచే పని మాత్రం పెద్దవాళ్లదే.

అమ్మాయిని ఆ రోజు వంటింట్లోకి రానివ్వకండి. ముందే పక్కన కూచోబెట్టుకుని, ఈ ఆదివారం నీకేం చెయ్యాలనుందే అని అడగండి. వెంటనే ఏం చెప్పదు. ఏం లేదమ్మా, గిన్నెలేమైనా ఉన్నాయా అంటుంది. అప్పుడు మీకేమనిపించిందో అది రాయండి నాకు, వాడి సంగతి తర్వాత చూద్దాం.