క్రీక్ అంటే వాగా, ఉప్పుటేరా?

ప్రశ్న: దుబాయ్ క్రీక్‌లో సముద్రపు పడవలు తిరుగుతాయి. అమెరికాలోనేమో మోకాలి లోతు వాగునూ క్రీక్ అనే అంటారు. ఏది సరి? తెలుగులో ఏమని రాయాలి?

జవాబు: దేశాన్ని బట్టి రెండూ సరే. బ్రిటన్‌లో క్రీక్ అంటే సముద్రం నేలలోకి సన్నగా చొచ్చుకొచ్చిన పాయ. అమెరికా తూర్పు తీరానికి వలస వెళ్లిన ఇంగ్లిషువాళ్లు మొదట అలాంటి పాయలకే ఆ పేరు పెట్టారు. ఎగువకు పోయినకొద్దీ ఉప్పునీళ్లు మంచినీళ్లయ్యాయి, పాయ వాగైంది, పేరు మాత్రం అదే నిలిచింది. ఆస్ట్రేలియాలోనూ క్రీక్ అంటే వాగే.

సముద్రపు క్రీక్‌కు మనకు చక్కటి మాటుంది: ఉప్పుటేరు. కొల్లేటి నీళ్లను సుమారు 60 కి.మీ. దూరాన బంగాళాఖాతంలో కలిపే ఏరు పేరే అది. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరు అందులోకి ఎగదన్నుతుంది. వేసవిలో కొల్లేరు మట్టం పడిపోతే ఆ ఉప్పు సరస్సు దాకా పాకుతుంది. మొగ దగ్గర ఇసుక మేట వేస్తే వానాకాలంలో ముంపు నీరు త్వరగా దిగదు.

వాగో ఉప్పుటేరో తేల్చుకోవాలంటే ఒడ్డున నీళ్లలో కర్ర పాతి తడి గుర్తు చూడండి. మన తీరంలో పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. వాన లేకుండానే ఆ వేళల ప్రకారం గుర్తు పైకీ కిందికీ జరుగుతుంటే ఉప్పుటేరే. గట్టున మడచెట్లుంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

ఊరి పేరులో, స్థలం పేరులో భాగమైతే క్రీక్‌ను అలాగే ఉంచాలి. కచ్‌కూ సింధ్‌కూ మధ్య 96 కి.మీ. పొడవున్న సర్ క్రీక్‌ను 'సర్ వాగు' అంటే అర్థమే చెడుతుంది. పడవలు నడిచే జలమార్గం కాబట్టి సరిహద్దు నడిమధ్య నుంచి పోవాలని భారత్, అది పడవలు నడిచే పాయే కాదు, తూర్పు గట్టే హద్దని పాకిస్థాన్ వాదిస్తున్నాయి. 1914 నాటి బొంబాయి ప్రభుత్వ తీర్మానాన్నే ఇద్దరూ ఆధారంగా చూపుతారు. నీటి స్వభావం మీదే నడుస్తున్న తగాదాలో మాట తేడా చిన్నది కాదు.

మరో రెండు చోట్ల అనువాదకులు జాగ్రత్తపడాలి. 'అప్ ద క్రీక్' అంటే ఏటి ఎగువన అని కాదు, పీకల్లోతు చిక్కుల్లో పడ్డాడని. అమెరికా చరిత్రలో 'క్రీక్‌లు' అని కనబడితే ఏరులు కావు, మస్కోగీ అనే ఆదివాసులు.