మా మామగారు, పచ్చ పీచు, కారు బానెట్టు

“కారు మీద పడిన గీతల్ని ఇంట్లోనే పోగొట్టుకోవచ్చా? టూత్‌పేస్ట్ నిజంగా పనిచేస్తుందా?” అని మీలో ఒకరు అడిగారు. పోగొట్టుకోవచ్చు. టూత్‌పేస్ట్ కూడా ఏదో కాస్త పనిచేస్తుంది. కానీ నన్నడిగితే గీతల వల్ల కారుకొచ్చే నష్టం కంటే వాటిని పోగొడదామని గుడ్డ పట్టుకుని కూర్చున్న మనిషి వల్ల వచ్చేదే ఎక్కువ. ఊరికే అనడం లేదు, నా కారు బానెట్టు మీద రుజువు ఉంది.

మాది బెజవాడ, పటమట. కారు 2014 స్విఫ్ట్, సిల్కీ సిల్వర్ రంగు. వెనక బంపర్ మూల ఒకసారి పిల్లర్‌కి రాసుకున్న మచ్చ తప్పితే ఒళ్లంతా శుభ్రంగా ఉండేది. మూడేళ్ల కిందట మే నెలలో అవనిగడ్డ నుంచి మా మామగారు వచ్చారు. ఆయన తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తారు. లేచాక ఊరికే కూర్చోలేరు. ఊళ్లో అయితే గేదె ఉంది, పొలం ఉంది. ఇక్కడ మూడో అంతస్తులో ఏం చేస్తారు పాపం? కిందికి దిగారు. నా కారు కనపడింది.

ముందు రోజు సెల్లారులో చోటు దొరక్క కారు చెట్టు కింద పెట్టాను. బానెట్టు మీద నాలుగైదు కాకి రెట్టలు, ఎండకి పెంకు కట్టి ఉన్నాయి. రెట్టలో ఆమ్లం ఉంటుంది, అది బెజవాడ మే ఎండకి తోడైతే పెయింట్ పైపొరని తినేస్తుంది. వాటిని వెంటనే తీయాలనుకోవడంలో ఆయన తప్పేమీ లేదు. తడిగుడ్డ పది నిమిషాలు వాటి మీద కప్పి నాననిస్తే అవే ఊడొచ్చేవి. ఆయన మాత్రం మా వంటింటి సింకు దగ్గర నుంచి గిన్నెలు తోమే పచ్చ పీచు పట్టుకెళ్లారు.

నేను కాఫీ గ్లాసుతో దిగేసరికి లుంగీ ఎగ్గట్టుకుని, చెమటలు కక్కుతూ, పెద్ద పని పూర్తిచేసిన మొహంతో నిలబడి ఉన్నారు.

“మొండి రెట్టలండీ అల్లుడుగారూ. గుడ్డకి లొంగలేదు. పీచు పెట్టి గట్టిగా తోమితే అప్పుడు దారికొచ్చాయి.”

రెట్టలు లేవు, నిజమే. వాటి చోట అన్నం పళ్లెమంత మేర తెల్లగా మసకబారిపోయింది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతుంటే ఒక్కో గీతా విడివిడిగా కనిపిస్తోంది. ముందు గుండ్రంగా, తర్వాత నిలువుగా, మళ్లీ గుండ్రంగా. మాడిన దోసె పెనాన్ని కూడా అంత శ్రద్ధగా ఎవరూ తోమరు.

“ఎందుకండీ మామయ్యగారూ మీకీ శ్రమ,” అన్నాను. అల్లుడన్నవాడు ఇంకేమంటాడు? పైన బాల్కనీలోంచి మా ఆవిడ నా మొహం వైపే చూస్తోంది. ఆ చూపేంటో పెళ్లయినవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక యూట్యూబ్ తెరిచాను. అక్కడ ప్రతివాడూ అరటిపండు ఒలిచినట్టు కార్ల గీతలు తీసేస్తున్నాడు. ముందు టూత్‌పేస్ట్. మా ఇంట్లో ఉన్నది ఎర్ర జెల్, అది పనికిరాదు, తెల్ల పేస్టే కావాలట. మర్నాడు అదొకటి కొని, ఆఫీసు నుంచి వచ్చాక సెల్లారులో ట్యూబ్‌లైటు కింద పావుగంట రుద్దాను. సన్నటి గీతలు కొన్ని తగ్గినట్టు అనిపించాయి. పేస్టులో పళ్ల మీది గార గీకడానికి కాల్షియం కార్బొనేటో సిలికానో సన్నటి పొడి రూపంలో ఉంటుంది, చేసే పనేదైనా ఉంటే ఆ పొడే చేస్తుంది. అవతలి బండి రంగు మన బండికి అంటుకుంటే దాన్ని తీయడానికి బాగుంటుంది. నా బంపర్ మీదున్న పిల్లర్ పసుపు రంగు అలాగే పోయింది. మామగారి పనితనం ముందు మాత్రం అది నిలవలేదు. ఇంకో సంగతి, బానెట్టు సందుల్లో ఇరుక్కుని ఎండిపోయిన పేస్టు తీయడానికి వారం పట్టింది. కారు ఎక్కినప్పుడల్లా పుదీనా వాసన.

ఎదురు ఫ్లాట్ ఆయన డబ్ల్యూడీ-40 అనే నూనె స్ప్రే డబ్బా పట్టుకొచ్చాడు. కొట్టి తుడవగానే మచ్చ మాయం! ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. ఆదివారం షాంపూ పెట్టి కడిగితే మచ్చ మళ్లీ ప్రత్యక్షం. గీతంటే ఒక సన్నటి కాలువ. అందులో నూనె నిండితే వెలుగు చెదరదు, గీత కంటికి ఆనదు. నూనె పోతే గీత మళ్లీ తేలుతుంది. ఆ మాటకొస్తే కొబ్బరినూనె రాసినా అంతే, దానికి డబ్బా కొనడం ఎందుకు? ఆన్‌లైన్‌లో అమ్మే నానో గుడ్డల మహిమ కూడా చాలామటుకు ఇదే అని నా గట్టి నమ్మకం.

చివరికి బందరు రోడ్డులో ఒక షాపులో రబ్బింగ్ కాంపౌండ్ (పెయింట్ పైపొరని సన్నగా అరగదీసే ముద్ద) ట్యూబు, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు కొన్నాను. దీంతో నిజంగానే పని జరిగింది. కారు శుభ్రంగా కడిగి, నీడలో, బానెట్టు చల్లగా ఉన్నప్పుడు బఠాణీ గింజంత కాంపౌండ్ తీసుకుని జానెడు మేర మాత్రమే రుద్దుకుంటూ పోవాలి. ఎండలో చేస్తే కాంపౌండ్ ఇట్టే ఎండిపోయి కొత్త గీతలు పెడుతుంది. గంటన్నర తర్వాత చూస్తే మచ్చ ముప్పాతిక వంతు పోయింది. భుజం కూడా పోయిందనుకోండి, అది వేరే సంగతి.

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. మిగిలిన పావు వంతు కళ్లలో పొడుస్తోంది. హార్డ్‌వేర్ షాపుకెళ్లి 2000 నంబర్ వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే సన్నటి ఉప్పుకాగితం, తెచ్చాను. నీళ్లలో కాసేపు నానబెట్టి, సబ్బునీళ్లు చల్లుకుంటూ రుద్దితే మొదట్లో పాలలాంటి తెల్లటి నీళ్లు వచ్చాయి. బానే ఉందనుకున్నాను. బానెట్టు పక్కన గట్టులా లేచిన మడత ఒకటి ఉంటుంది కదా, గీతల్లో రెండు మూడు దాని మీదుగా పోయాయి. వేళ్లతోనే పేపర్ అదిమి దాని మీద కూడా పది పన్నెండు సార్లు లాగాను. నీళ్లు ఒక్కసారిగా బూడిద రంగుకి తిరిగాయి.

పైపొర దాటి కారు సిల్వర్ రంగే అరిగి వస్తోందని ఆ క్షణంలో నాకు అర్థం కాలేదు. దుమ్మనుకుని ఇంకో రెండుసార్లు లాగాను కూడా.

మర్నాడు బళ్ల రిపేర్లకి పేరుపడ్డ మా ఆటోనగర్‌కి పోయాను. బెజవాడలో పుట్టి, ఆటోనగర్‌ని పక్కన పెట్టుకుని, యూట్యూబ్ చూసి కారు గోక్కున్నవాణ్ని నేనొక్కణ్నే అయి ఉంటాను. అక్కడ తెలిసిన పెయింటింగ్ మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ఆయన ఏమీ మాట్లాడకుండా మగ్గుతో నీళ్లు తెచ్చి మచ్చ మీద పోశాడు. తడి ఉన్నంతసేపూ గీతలు కనపడలేదు. “చూశారా, ఇవన్నీ పైపొరలోనే ఉన్నాయి. మెషిన్ పెడితే పావుగంట పని,” అన్నాడు. తర్వాత బొటనవేలు ఆ మడత మీద నడిపించాడు. అక్కడ నీళ్లు పోసినా మచ్చ పోలేదు.

“ఎడ్జి మీద పేపర్ పెట్టారా సార్?”

“కొంచెమే.”

“ఎడ్జిల మీద రంగు పల్చగా ఉంటది సార్. మేమే అక్కడ టేపు వేసుకుని గాని పేపర్ ముట్టుకోం.”

మిగతా బానెట్టంతా బఫింగ్ చేసి, అంటే మెషిన్ పెట్టి రుద్ది మెరుగు తెచ్చి, నాలుగు వందలు తీసుకున్నాడు. మడత మీద చేసేదేమీ లేదన్నాడు. బాగవ్వాలంటే బానెట్టు మొత్తం పెయింట్ వేయాలి, సిల్వర్ కాబట్టి పక్క ఫెండర్లతో రంగు కలపడం కష్టం, అంతకంటే అలా వదిలెయ్యండి అన్నాడు. గిరాకీ వద్దనుకున్న మేస్త్రీని జీవితంలో మొదటిసారి చూశాను.

ఇప్పుడు మీ ప్రశ్నకి వద్దాం. కారు రేకు మీద ముందు తుప్పు పట్టకుండా ఒక పొర, దాని మీద ప్రైమర్, తర్వాత రంగు, అన్నిటి పైన గాజులాంటి క్లియర్ కోట్ ఉంటాయి. కంపెనీ నుంచి వచ్చిన పెయింటులో ఇవన్నీ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు ఉంటే గొప్ప. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే మీరు రుద్దడానికి మీకున్న ఆస్తి వెంట్రుక కంటే సన్నం. గీతని “తీసేయడం” అనేది అసలు లేనే లేదు. చుట్టూ ఉన్న పొరని గీత అడుగు దాకా అరగదీయడమే. అందుకే లోతు తెలుసుకోకుండా రుద్దకూడదు.

దానికి మేస్త్రీ చేసిన నీళ్ల పరీక్ష చాలు. ఇంకోటి, గోరు అడ్డంగా నడపండి. గోరు తగలకుండా జారిపోతే కాంపౌండ్‌తో పోతుంది. గోరు తట్టుకుంటే ఇంట్లో పూర్తిగా పోదు, నేను చెప్తున్నాను కదా, పోదు. లోపల తెల్లగానో బూడిదగానో ప్రైమర్ కనిపిస్తుంటే, రేకే మెరుస్తుంటే, రుద్దడం అనే మాటే మర్చిపోయి టచప్ పెయింట్ సీసా కొనుక్కోండి. రంగు కోడ్ బండి మీదే ప్లేటు మీద ఉంటుంది. నాది జెడ్2ఎస్. “సిల్వర్ ఇవ్వండి” అంటే షాపువాడు ఏదో ఒక సిల్వర్ ఇస్తాడు, కోడ్ చెప్పి అడగండి. అగ్గిపుల్ల కొసతో చుక్కలు చుక్కలుగా నింపి ఆరనివ్వాలి. మెటాలిక్ రంగులైతే దగ్గర నుంచి చూస్తే అతుకు తెలుస్తుంది. తెలియనివ్వండి, తుప్పు మాత్రం ఆగుతుంది. బందరు, కాకినాడ, వైజాగ్ వైపు వాళ్లు ఈ విషయంలో బద్ధకించకండి, ఉప్పు గాలికి చిన్న పెచ్చు లేచినా దాని చుట్టూ తుప్పు పొంగుతుంది. ప్లాస్టిక్ బంపర్ మీద గీతైతే తుప్పు బాధ లేదు, ఏడాది పాటు పట్టించుకోకపోయినా కొంప మునగదు. థిన్నరు, నెయిల్ పాలిష్ రిమూవరు మాత్రం కారు దరిదాపులకి తేకండి.

అసలు ఇన్ని గీతలు ఎక్కణ్నుంచి వస్తున్నాయో ఎవరూ అడగరు. నా లెక్క ప్రకారం సగానికి పైగా మనం తుడిచి తెచ్చుకున్నవే. అపార్ట్‌మెంటుల్లో పొద్దున్నే కార్లు తుడిచే అబ్బాయిని ఒకసారి గమనించండి. ఒకటే బకెట్టు, ఒకటే గుడ్డ, పాతిక కార్లు. మొదటి కారు ఇసుక ఇరవయ్యో కారుకి చేరుతుంది. ఆ అబ్బాయిని అనడానికేమీ లేదు, మనమిచ్చే డబ్బులకి కారుకో బకెట్టు ఎక్కడ మారుస్తాడు? నేను “రోజూ తుడవొద్దు, వారానికోసారి నీళ్లు కొట్టి కడుగు చాలు, డబ్బులు అవే ఇస్తా” అన్నాను. నన్నొక పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. మా ఆవిడా అలాగే చూసింది. కారు కవరు కూడా అంతే, దుమ్ము పట్టిన కారు మీద కవరు కప్పితే గాలికి అది రాత్రంతా ఉప్పుకాగితంలా రుద్దుతూనే ఉంటుంది.

షోరూములో ఏమన్నారో కూడా చెప్పేస్తాను. ఆటోనగర్‌కి పోకముందు ఫోన్ చేస్తే “ఇన్సూరెన్సులో పెట్టేద్దాం సార్, మీకు పైసా పడదు” అన్నారు. నమ్మకండి. 1500 సీసీ లోపు కారుకి క్లెయిములో మొదటి వెయ్యి రూపాయలు మనమే పెట్టుకోవాలి. అది పోతే పోయింది, నో క్లెయిమ్ బోనస్ సంగతో? క్లెయిమ్ లేకుండా మొదటి ఏడాదికి 20 శాతం, అలా అలా ఐదేళ్లకి 50 శాతం ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన బండికొచ్చే నష్టం కోసం కట్టే భాగంలో, తగ్గుతుంది. ఒక్క బానెట్టు కోసం క్లెయిమ్ పెడితే మళ్లీ సున్నా నుంచి మొదలు. ఆ ఫోన్‌లో అమ్మాయి ఈ ముక్క చెప్పలేదు, నేనే అడిగితే “అది మీ ఇష్టం సార్” అంది.

ఇక నా బానెట్టు. క్లియర్ కోట్ పోయిన ఆ మడత మూడు ఎండాకాలాలకి వేలెడు పొడుగున సున్నం రాసినట్టు తెల్లబడింది. మొన్న సంక్రాంతికి కారేసుకుని అవనిగడ్డ వెళ్లాం. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చున్నాను. మామగారు చుట్టపొగ వదులుతూ కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్టు దగ్గర ఆగి, వంగి చూశారు.

“అల్లుడుగారూ, ఇక్కడొక రెట్ట ఉండిపోయిందండీ,” అన్నారు. నేను చెప్పులు వేసుకుని లేచేలోపే లోపలికి కేకేశారు. “అమ్మాయ్, ఆ గిన్నెలు తోమే పీచు ఒకసారి ఇలా పట్రా!”