కాటా దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలో నల్లజాతివాళ్ల ఓటు హక్కు కోసం పోరాడిన ఫానీ లూ హేమర్ మీద నువ్వు రాసిన రాతప్రతి రెండుసార్లు చదివాను. నీ శ్రమ కనిపిస్తోంది. కానీ మొదటి పేజీలోనే ఆవిణ్ణి ‘ధీరవనిత’, ‘అగ్నిశిఖ’ అనేశావు. ఆ మాటలు కొట్టెయ్ అమ్మాయీ. నా మొదటి పుస్తకంలో నేనూ అవే రాశాను. నేను ఎవరి గురించి రాశానో ఆవిడ కూతురు చదివి, “బాగుందండీ, కానీ ఇందులో మా అమ్మ లేదు” అంది. ముప్పై ఏళ్లయినా ఆ మాట నన్ను వదల్లేదు.

నీ కథ 1964 ఆగస్టు 22న అట్లాంటిక్ సిటీలో, డెమోక్రటిక్ పార్టీ మహాసభ కమిటీకి ఆవిడ సాక్ష్యం చెప్పిన మైకు ముందు మొదలవుతోంది. అక్కడ వద్దు. మిసిసిపీ పత్తిచేలో మొదలుపెట్టు. ఇరవైమంది సంతానంలో ఆఖరిది, ఆరేళ్లకే పత్తి తీతకు వెళ్లింది. పెద్దయ్యాక, చదవడం రాయడం వచ్చు కనుక, రూల్‌విల్ దగ్గరి కమతంలో కూలీల లెక్కలు రాసే పని అప్పగించారు. అక్కడి కాటాలో మోసం ఉండేది. యజమాని పక్కన లేనప్పుడు ఆవిడ తను తెచ్చుకున్న తూకపు రాయి వేసి, కూలీలకు సరైన తూకం చూపేది. దీనికి నువ్వు ఒక్క వాక్యం ఇచ్చావు. నాకైతే పుస్తకమంతా ఆ రాయిలోనే ఉందనిపిస్తుంది. మా ఇంట్లో పత్తి పండేది. బోరెం కాటా ఎక్కగానే మా నాన్న ఊపిరి బిగబట్టి ముల్లు వైపే చూసేవాడు. మన పాఠకులకు ఆ చూపు తెలుసు.

ఆ తర్వాతే 1962 ఆగస్టు 31 రావాలి. ఓటరుగా పేరు రాయించుకోవడానికి పదిహేడుమందితో కలిసి ఇండియనోలా వెళ్లడం, తిరుగు దారిలో బస్సు రంగు మరీ పసుపుగా ఉందని పోలీసులు ఆపడం, ఆ రాత్రే యజమాని దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదా వెళ్లిపో అనడం. “నేను మీ కోసం రాయించుకోడానికి పోలేదు, నా కోసం పోయాను” అందావిడ. నువ్వు దాన్ని ‘స్వీయ హక్కుల పరిరక్షణార్థం’ చేశావు! పత్తి తీసిన మనిషి నోట ఆ మాట వస్తుందా?

1963లో మిసిసిపీలోని వైనోనా జైల్లో పోలీసులు ఇద్దరు ఖైదీల చేత ఆవిణ్ణి కొట్టించిన దెబ్బల గురించి మూడు పేజీలు నెత్తురు రాశావు. అట్లాంటిక్ సిటీలో కమిటీ ముందు ఆవిడ ఎలా చెప్పిందో మళ్లీ చదువు. మొదటివాడు అలిసిపోయేదాకా కొట్టాడు, తర్వాత రెండోవాడు అందుకున్నాడు. అంతే. ఎక్కడా గొంతు పెంచకుండా రాయి. అలా రాస్తేనే చదివేవాడి చెయ్యి వణుకుతుంది.

చివరి అధ్యాయం 1968లో అదే పార్టీ చికాగో మహాసభ దగ్గర ఆపేశావు. ఆవిడ ఇంకా తొమ్మిదేళ్లు బతికింది. 1969లో 40 ఎకరాలతో సహకార సేద్యం మొదలుపెట్టింది. పేద కుటుంబాలకు ఆడపందుల్నిచ్చేవారు. అవి ఈనాక కొన్ని పిల్లల్ని తిరిగి ఇస్తే, అవి ఇంకో ఇంటికి చేరేవి. ఓటు వేసినందుకు కూలి పోగొట్టుకున్నవాళ్ల ఆకలి ఆవిడకు తెలుసు. డబ్బు చాలక ఆ సేద్యం చివరికి నిలవలేదు. అదీ దాచకుండా రాయి. 1977 మార్చి 14న క్యాన్సర్‌తో పోయేనాటికి ఆవిడకు 59 ఏళ్లు.

ఆ తొమ్మిదేళ్లూ రాశాక పంపు. సంక్రాంతి దాకా ఊళ్లోనే ఉంటాను.