విశ్రాంతితో తీరని అలసట

ప్రశ్న: రొమ్ము క్యాన్సర్‌కు కీమోథెరపీ, రేడియేషన్ పూర్తయి ఏడాది దాటింది. ఇప్పటికీ స్నానం చేసి తల దువ్వుకునేసరికే నీరసం ఆవహిస్తోంది. ఎంత పడుకున్నా తీరడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఇది మీ బద్ధకం కాదు, చికిత్స ముగిశాక కొందరిలో ఈ అలసట ఏళ్ల తరబడి ఉంటుంది. ముందుగా రక్తహీనత, థైరాయిడ్ లోపం, కుంగుబాటు ఉన్నాయేమో పరీక్ష చేయించుకోండి. హార్మోన్ మాత్రలు వాడుతూ, రాత్రిళ్లు ఒంట్లో వేడి ఆవిర్లు వచ్చి నిద్ర చెడుతుంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి. అవేవీ కారణం కాదని తేలితే, వినడానికి వింతగా ఉన్నా, పడుకోవడం కంటే వ్యాయామమే ఎక్కువ మేలు చేస్తుంది. రోజూ 10 నిమిషాల నడకతో మొదలుపెట్టి, వారానికి 150 నిమిషాల దాకా మెల్లగా పెంచుకోవచ్చు. ఓపిక ఉన్న రోజున పేరుకున్న పనులన్నీ ఒక్కసారే ముగించబోకండి. ఆయాసం, కాళ్ల వాపు కనిపిస్తే మాత్రం వెంటనే డాక్టరును కలవండి. కొన్ని కీమో మందులు గుండెను బలహీనపరుస్తాయి.