జనవరిలోనా, జూలైలోనా?

ప్రశ్న: మా అమ్మాయి జ్యూరిక్‌లో ఉంటోంది. ఆల్ప్స్ కొండల్లో ఏదైనా పల్లెలో నాలుగు రోజులు ఉందామంటోంది. మావారికి మంచు చూడాలని సరదా, నాకేమో మోకాళ్ళ నొప్పులు. చలికాలం వెళ్ళమంటారా, ఎండాకాలమా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మా ఇంట్లోనూ ఇదే గొడవండీ. ఎంతకీ తేలక ఒకే ఊరికి రెండుసార్లు వెళ్ళాం, ఓసారి జనవరిలో, ఓసారి జూలైలో. ఊరి పేరు వెంగెన్. 1,274 మీటర్ల ఎత్తున, కొండ అంచున ఉంటుంది. కార్లు పైకి రావు. కింద లౌటర్‌బ్రున్నెన్‌లో రంపంలా పళ్ళున్న పట్టాల మీద పాకే చిన్న రైలు ఎక్కితే పావుగంటలో దింపేస్తుంది. 1893 నుంచీ ఆ రైలే ఆ ఊరికి దారి.

జనవరిలో దిగగానే నేను చూసింది కొండల్ని కాదు. ఒకావిడ చెక్క స్లెడ్జి మీద పిల్లాడిని కూర్చోబెట్టి, వాడి ఒళ్ళో పాల ప్యాకెట్లు పెట్టి, తాడుతో లాక్కుపోతోంది. అక్కడ అదే స్కూటరు! రెండో రోజు నేను జారిపడ్డాను. పడింది మంచులో కాదు, కొట్టు ముందు. కొత్తగా కురిసిన మంచు మెత్తగా ఉంటుంది, భయం లేదు. పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన నీళ్ళున్నాయే, వాటితోనే టెన్షన్. ఇనప ముళ్ళున్న రబ్బరు పట్టీలు బూట్లకి తగిలించుకున్నాకగానీ మళ్ళీ గడప దాటలేదు. సాయంత్రం ఐదింటికే చీకటి. పైగా జనవరి మధ్యలో లౌబర్‌హార్న్ స్కీ పందేలు జరుగుతాయి, ఆ వారం గది దొరకడం కష్టం.

జూలైలో అదే వాలు మీద ఆవులు మేస్తున్నాయి. మెడలో గంటలు మన గుడిగంటల్లాంటివి కావు, డబడబమని మోగుతాయి. దారి చూపే పసుపు బోర్డుల మీద కిలోమీటర్లు రాయరు, ఎంతసేపు నడవాలో రాస్తారు. వాళ్ళు గంటన్నర అంటే నేను రెండున్నర అని చదువుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆకాశం నీలంగా ఉండగానే ఉరిమింది. గొడుగు తీశాను. పక్క బెంచీ మీద పెద్దాయన నవ్వి యుంగ్‌ఫ్రౌ శిఖరం వైపు చూపించాడు. ఎండకి మంచు విరిగి జారుతోందట. చూస్తే కొండ మీద సన్నటి తెల్లపొగ, అంతే.

కాబట్టి మీరు జూలైలోనే వెళ్ళండి. మావారి మంచు మాటేమిటంటారా? వెంగెన్ నుంచి క్లైన షైడెగ్ దాకా ఒక రైలు, అక్కడ మారితే యుంగ్‌ఫ్రౌయోక్ దాకా ఇంకోటి. 3,454 మీటర్ల ఎత్తు, ఏడాది పొడుగునా మంచే. టికెట్ ధర చూసి గుండె జారుతుంది, ఆయన సరదాకి ఆ ఒక్కరోజు కళ్ళు మూసుకోండి. అంత ఎత్తులో గాలి పలచన. బీపీ, గుండె జబ్బు ఉంటే ముందు డాక్టర్ని అడగండి. కింద లోయలో ట్రుమ్మెల్‌బాఖ్ జలపాతాలున్నాయి. హిమనదాలు కరిగిన నీళ్ళు కొండ కడుపులోనే దూకుతుంటాయి. లిఫ్టు ఉందిగానీ పైన మెట్లు తప్పవు. చలికాలం అది మూసేస్తారు.

ఏప్రిల్ చివర, మే, నవంబరు మాత్రం వద్దు. రోప్‌వేలకి రిపేర్లు చేస్తుంటారు, చాలా హోటళ్ళకి తాళాలే.

అమ్మాయిని యుంగ్‌ఫ్రౌ వైపు బాల్కనీ ఉన్న గది చూడమనండి. మోకాళ్ళు మొరాయించిన రోజు మీరు కుర్చీలోంచి లేవకుండానే ఆ ఉరుములు వినొచ్చు.